ఆకు చేసే ఆహారం, వేరు పీల్చే గాలి: మూడు పాఠాలు ఒకే మొక్కలో ఎలా కలుస్తాయి?

ప్రశ్న – పదో తరగతి విద్యార్థిని

అందరికీ నమస్కారం. పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ అనే మూడు పాఠాలూ మా తరగతిలో పూర్తయ్యాయి. విడివిడిగా చదివినప్పుడు ఏ పాఠానికి ఆ పాఠం అర్థమైనట్టే ఉంది, పరీక్షలో అడిగితే రాయగలను కూడా. కానీ ఈ మూడు పనులూ ఒకే మొక్కలో, ఒకే సమయంలో జరుగుతున్నాయని ఆలోచించబోతే ఎక్కడో ముడి పడిపోతోంది.

కార్బన్ డయాక్సైడ్, నీరు తీసుకుని ఆకు తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుందని మొదటి పాఠం చెబుతుంది. అలాంటప్పుడు మట్టిలోంచి వేళ్లు తీసుకునే లవణాలు దేనికి? అవి ఆహారం కాకపోతే, ఎరువు అందని మొక్క ఎందుకు పాలిపోతుంది?

రెండో సందేహం గాలి గురించి. మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆక్సిజన్ వదులుతాయనీ, రాత్రి దానికి వ్యతిరేకంగా చేస్తాయనీ చాలామంది అంటారు. పాఠంలో మాత్రం శ్వాసక్రియ ఇరవైనాలుగు గంటలూ జరుగుతుందని ఉంది. పగలు కూడా మొక్క ఆక్సిజన్‌ను వాడుకుంటున్నట్లయితే ఆకు నుంచి ఆక్సిజన్ బయటికి ఎలా వస్తుంది?

మూడోది వేరు గురించి. వేరులో పత్రహరితం లేదు, దానికి వెలుతురు అందదు, పత్రరంధ్రాలూ లేవు. మరి అది దేనితో బతుకుతుంది, గాలి ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? నీరు పైకి, చక్కెర కిందికి ఒకే కాండంలో వెళుతున్నప్పుడు ఆ రెండూ ఎందుకు కలిసిపోవు? బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవాలని ఉంది. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు – జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

అమ్మా, నీ మూడు సందేహాలకూ మూలం ఒకటే. పాఠాలను విడదీసింది మన సౌకర్యం కోసమే తప్ప, మొక్కలో ఆ విభజన లేదు. నేను మొదటి రెండింటికి జవాబు చెబుతాను. రవాణా గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

మొక్క శరీరం దేనితో తయారవుతుందన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 90 కిలోల ఎండు మట్టిని తూచి ఒక తొట్టిలో నింపి, అందులో రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటి, 5 ఏళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చివర్లో తూస్తే చెట్టు బరువు సుమారు 77 కిలోలు ఉంది, మట్టి బరువు మాత్రం 60 గ్రాములు కూడా తగ్గలేదు. చెట్టు మట్టిని తిని పెరగలేదని దీంతో రుజువైంది. అయితే పెరిగిన బరువంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. గాలికి అందులో వాటా ఉందన్న సంగతి ఆ కాలానికి ఇంకా తెలియదు. 1771లో ప్రీస్ట్‌లీ గాజు జాడీలో కొవ్వొత్తి మండి పాడైన గాలిని పుదీనా కొమ్మ తిరిగి బాగుచేస్తుందని గమనించడం, 1779లో ఇంగెన్‌హౌజ్ ఆ పని మొక్కలోని ఆకుపచ్చ భాగాలే, అదీ వెలుతురులోనే చేస్తాయని చూపించడం, ఆ తరవాత సెనెబియర్, సోస్యూర్ కార్బన్ డయాక్సైడ్‌కూ నీటికీ ఉన్న వాటాలను నిర్ధారించడం – ఇలా నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది ఆ చిక్కు విడిపోవడానికి.

ఈరోజు మనకు తెలిసిన లెక్క ఇది. మొక్కను పూర్తిగా ఎండబెట్టి నీరంతా తీసేస్తే, మిగిలిన బరువులో 40 నుంచి 45 శాతం కార్బన్, దాదాపు అంతే ఆక్సిజన్, సుమారు 6 శాతం హైడ్రోజన్ ఉంటాయి. ఆ కార్బన్ అంతా గాలి నుంచి వచ్చిందే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం మాత్రమే ఉన్నప్పటికీ, ఎంత పెద్ద మానైనా ఆ కొద్దిపాటి వాయువును ఆకులతో పట్టుకునే కట్టుకున్నది. మట్టి నుంచి వచ్చే మూలకాల వాటా కొద్ది శాతానికి మించదు.

వాటా కొద్దిదే అయినా అవి లేకుండా పని నడవదు. ఆహారం అంటే శక్తిని ఇచ్చేది. లవణాలను దహించి మొక్క శక్తిని పొందలేదు కనుక అవి ఆహారం కావు, కానీ ఆహారాన్ని తయారుచేసే యంత్రాంగం వాటితోనే తయారవుతుంది. పత్రహరిత అణువు నడిమధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది, దాని చుట్టూ నైట్రోజన్ పరమాణువులు నాలుగు ఉంటాయి. కణంలో రసాయన చర్యలను నడిపించే ఎంజైములు దాదాపు అన్నీ ప్రొటీన్లే, నైట్రోజన్ లేని ప్రొటీన్ లేదు. శక్తిని మోసే ఏటీపీ అణువులో మూడు ఫాస్ఫేట్‌లు ఉంటాయి. ఇప్పుడు నీ ప్రశ్నకే వద్దాం. నైట్రోజన్ చాలని మొక్క ముదురాకుల్లోని నైట్రోజన్‌ను లేతాకులకు తరలించుకుంటుంది, అందుకే ముందు కింది ఆకులు పసుపుబారతాయి. ఇనుము చాలకపోతే, అది అలా తరలేది కాదు కనుక, ముందు కొనచిగుళ్లే పాలిపోతాయి. ఏ ఆకు పాలిపోయిందో చూసి ఏ మూలకం కొరవడిందో ఊహించగలగడం నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

ఇక ఆక్సిజన్ సంగతి. ఆకు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు, నిజానికి అది నీటి నుంచి వస్తుంది. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని ఆకుపచ్చ శైవలాలకు ఇచ్చి, వెలువడిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే ఉందని చూపించింది. పత్రహరితం ఉండే హరితరేణువు లోపలి గ్రానా అనే పొరల మీద వెలుతురు పడినప్పుడు నీటి అణువులు విడిపోయి, ఆక్సిజన్ వెలువడి, ఏటీపీ తయారవుతుంది. ఆ పొరల చుట్టూ ఉన్న ఆవర్ణిక అనే ద్రవంలో ఆ శక్తితో కార్బన్ డయాక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ రెండో దశను నిష్కాంతి చర్య అంటాం కానీ, అది చీకట్లో జరిగేది అని మాత్రం అనుకోవద్దు. దానికి వెలుతురు నేరుగా అక్కర్లేదు, కానీ మొదటి దశ అందించే సరుకు ఆగిపోగానే అదీ ఆగిపోతుంది కనుక, సాధారణ మొక్కల్లో అది కూడా పగటి పనే.

శ్వాసక్రియ మరో చోట, కణంలోని మైటోకాండ్రియా అనే భాగాల్లో జరుగుతుంది. బతికున్న ప్రతి కణమూ, ఆకు కణంతో సహా, పగలూ రాత్రీ చక్కెరను ఆక్సిజన్‌తో దహించి శక్తిని పొందుతూనే ఉంటుంది. దీన్ని ఇంటి రాబడి ఖర్చుల్లా చూడు: ఖర్చు రోజంతా ఉంటుంది, రాబడి మాత్రం వెలుతురున్న గంటల్లోనే వస్తుంది. మంచి ఎండలో ఆకు తయారుచేసే ఆక్సిజన్ అది వాడుకునేదానికి చాలా రెట్లు ఎక్కువ కనుక, మైటోకాండ్రియాకు కావలసింది పక్కనున్న హరితరేణువుల నుంచే అందిపోయి, మిగిలింది పత్రరంధ్రాల ద్వారా బయటికి పోతుంది. శ్వాసక్రియలో పుట్టే కార్బన్ డయాక్సైడ్ కూడా బయటపడకముందే చక్కెర తయారీకి ఖర్చైపోతుంది. తెల్లవారేటప్పుడు, పొద్దుగుంకేటప్పుడు వెలుతురు మందగించి ఒక దశలో రెండూ సమానమవుతాయి, అప్పుడు ఆకు నికరంగా ఏ వాయువునూ తీసుకోదు, ఏ వాయువునూ వదలదు. రాత్రి తయారీ లేదు కాబట్టి శ్వాసక్రియ ఒక్కటే బయటికి కనిపిస్తుంది. కనుక రాత్రి మొక్క తన పద్ధతిని మార్చుకుంటుందనడం సరికాదు. పగలు కనిపించని శ్వాసక్రియ రాత్రి కనిపిస్తుంది, అంతే.

జవాబు – వృక్ష శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న వ్యక్తి

పై జవాబుకు కొనసాగింపుగా వేరు, కాండం గురించి రాస్తున్నాను. మీ మూడో ప్రశ్నలోనే మూడు పాఠాలూ కలుస్తాయి కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

నీరూ చక్కెరా కలిసిపోకపోవడానికి కారణం అవి వేర్వేరు గొట్టాల్లో వెళ్లడమే. పైగా ఆ గొట్టాల స్వభావమూ, వాటిని నడిపించే బలమూ కూడా వేర్వేరు. నీటిని మోసే దారువు నాళాల్లో కణాలు పూర్తిగా ఎదిగాక చనిపోతాయి. లోపలి పదార్థమంతా పోయి, లిగ్నిన్‌తో గట్టిపడిన గోడలు మాత్రమే బోలు గొట్టాలుగా మిగులుతాయి. చక్కెరను మోసే పోషక కణజాలంలోని చాలనీ నాళాలు మాత్రం సజీవ కణాలు. వాటిలో కేంద్రకం ఉండదు కనుక, పక్కనే ఉండే సహకణాలు వాటి బాగోగులు చూస్తాయి. చనిపోయిన కణాల్లో నీటిని ఎవరు పైకి ఎత్తుతున్నారు అంటే, ఏ కణమూ ఎత్తడం లేదు, పైనుంచి ఎండ లాగుతోంది. ఆకు లోపలి తడి కణాల ఉపరితలం నుంచి నీరు ఆవిరై పత్రరంధ్రాల గుండా పోతున్నకొద్దీ, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండే నీటి అణువుల స్తంభం వేరు దాకా మొత్తంగా పైకి జరుగుతుంది. 1894లో డిక్సన్, జోలీ ఈ వివరణ ఇచ్చినప్పుడు నీటిని తాడులా లాగడం సాధ్యమా అని సందేహించినవారు ఉన్నారు, కానీ 115 మీటర్లకు పైగా ఎదిగే రెడ్‌వుడ్ చెట్ల కొనకు నీరు చేరడాన్ని వివరించగలిగింది ఇదే. వేరు పీడనం అనేది ఉంది, తెల్లవారుజామున గడ్డి పరకల కొసల్లో నీటి బొట్లను నెట్టేది అదే, అయితే పెద్ద చెట్టు కొనకు నీటిని చేర్చే శక్తి దానికి లేదు. వేళ్లు పీల్చిన నీటిలో దాదాపు 97 శాతానికి పైగా ఇలా ఆవిరైపోతుంది. చాలామందికి ఇది వృథాగా తోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే రంధ్రం తెరవాలి, తెరిస్తే నీరు పోతుంది. ఈ బేరం నుంచి మొక్కకు తప్పించుకునే దారి లేదు, రంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణాలు గంట గంటకూ ఆ తూకాన్ని సరిచేస్తూ ఉంటాయి.

చక్కెర కదలిక ఇందుకు భిన్నం. ఆకులో తయారైన చక్కెర సుక్రోజ్ రూపంలోకి మారుతుంది, దాన్ని కణాలు శక్తి ఖర్చుచేసి మరీ చాలనీ నాళంలోకి ఎక్కిస్తాయి. అక్కడ చక్కెర గాఢత పెరగడంతో పక్కనున్న దారువులోంచి నీరు ద్రవాభిసరణ వల్ల (పలుచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణం వైపు పొర గుండా నీరు కదలడం వల్ల) లోపలికి వచ్చి, పీడనం పెరుగుతుంది. వేరులోనో, కాయలోనో, చిగురులోనో చక్కెరను దించుకున్న చోట నీరు తిరిగి బయటికి పోయి పీడనం తగ్గుతుంది. ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు రసం ప్రవహిస్తుంది. 1930లో మ్యూంచ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన వివరణ ఇది. అంటే దారువులో నీటిని లాగుతారు, పోషక కణజాలంలో రసాన్ని నెడతారు. ఈ పీడనం ఎంతటిదో పేనుబంక పురుగు వల్ల కళ్లకు కడుతుంది. అది తన సన్నని సూదిలాంటి ముట్టెను గుచ్చి రసం తాగుతున్నప్పుడు, పురుగును వేరుచేసి ముట్టెను మాత్రం కాండంలోనే ఉండనిస్తే, దాని కొసన తియ్యని రసం గంటల తరబడి బొట్లు బొట్లుగా ఊరుతూనే ఉంటుంది. శాస్త్రవేత్తలు చాలనీ నాళంలోని రసాన్ని కల్తీ లేకుండా సేకరించినది ఈ పద్ధతిలోనే.

మీరు చక్కెర కిందికి పోతుందని రాశారు, దాన్ని కాస్త సవరించుకోవాలి. చక్కెర ఉన్న చోటి నుంచి అవసరమైన చోటికి పోతుంది. ఎదిగిన ఆకు నుంచి వేరుకు కిందికి, అదే ఆకు నుంచి కొన చిగురుకు పైకి వెళ్తుంది. ఆకులన్నీ రాల్చిన చెట్టు మళ్లీ చిగురించేటప్పుడు వేళ్లలో దాచుకున్న నిల్వ పైకి ప్రయాణిస్తుంది. చెట్టు చుట్టూ బెరడును వలయంగా ఒలిచేస్తే ఆకులు వెంటనే వాడవు, ఎందుకంటే దారువు లోపల భద్రంగా ఉంది. కానీ బెరడుతో పాటు పోషక కణజాలం పోవడం వల్ల గాటుకు పైభాగం చక్కెర చేరి ఉబ్బుతుంది, కింద వేళ్లు నిల్వలు అయిపోయాక చనిపోతాయి, ఆ తరవాత చెట్టంతా చనిపోతుంది.

అంటే వేరు బతికేది ఆకు పంపిన చక్కెరతోనే. ఆ చక్కెరను శక్తిగా మార్చుకోవడానికి దానికి ఆక్సిజన్ కావాలి, అది మట్టి రేణువుల మధ్య ఉన్న ఖాళీల్లోని గాలి నుంచి మూలకేశాల పలుచని గోడల గుండా వ్యాపనం ద్వారా అందుతుంది. ముదిరిన వేళ్లూ కాండాలూ బెరడులోని లెంటిసెల్స్ అనే చిన్న రంధ్రాల ద్వారా గాలిని తీసుకుంటాయి. వేరు ఆ శక్తిని దేనికి ఖర్చుచేస్తుందంటే, ముఖ్యంగా లవణాలను లోపలికి తెచ్చుకోవడానికే. మట్టినీటిలో నైట్రేట్, పొటాషియం వంటివి చాలా పలుచగా ఉంటాయి, వేరు కణాల లోపల చిక్కగా ఉంటాయి. పలుచగా ఉన్న చోటి నుంచి చిక్కగా ఉన్న చోటికి అవి వాటంతటవే రావు, ఏటీపీ ఖర్చుపెట్టి తోడుకోవాలి. ఆకు చక్కెర పంపితే వేరు శ్వాసిస్తుంది, వేరు శ్వాసిస్తే లవణాలు వస్తాయి, లవణాలు వస్తేనే ఆకు పత్రహరితాన్నీ ఎంజైములనూ తయారుచేసుకోగలుగుతుంది. మీ మూడు పాఠాలూ కలిసే చోటు ఇదే.

నీరు నిలిచిన తొట్టిలో మొక్క వాడిపోవడం మీరు చూసే ఉంటారు. చుట్టూ నీరుండగా వాడిపోవడం వింతగా తోచినా, కారణం ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మట్టి ఖాళీల్లోకి నీరు చేరి గాలిని తోసేసింది. నీటిలో ఆక్సిజన్ గాలిలోకన్నా వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (పాత పుస్తకాల్లో 38 అని ఉంటుంది) దొరికేచోట, లేకపోతే 2 మాత్రమే దొరుకుతాయి. శక్తి చాలక వేరు లవణాలను తోడుకోలేదు, దాని పొరలు నీటిని కూడా సరిగా రానివ్వవు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. లవణాలను తెచ్చుకోవడానికే వేరుకు శ్వాసక్రియ కావాలన్న మాటతో నా ముడి విడిపోయింది. అయితే ఇంకో రెండు ప్రశ్నలు పుట్టాయి. నీరు నిలిస్తే వేరుకు ఊపిరి ఆడకపోతే, తామర వంటివి ఎప్పుడూ బురదలోనే ఉండి ఎలా బతుకుతున్నాయి? రాత్రి పడకగదిలో మొక్కలు ఉంటే ప్రమాదమనే మాట నిజమేనా?

జవాబు – వృక్ష శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న వ్యక్తి

తామర తూడును అడ్డంగా కోసి చూడండి, లోపల పొడవునా పెద్ద పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. ఆకు దగ్గర లోపలికి వచ్చిన గాలి ఆ దారుల గుండా బురదలోని దుంప దాకా చేరుతుంది. నీటి మొక్కల్లో చాలావాటికి ఇలాంటి గాలి గదులున్న కణజాలం ఉంటుంది. ఉప్పు బురదలో పెరిగే మడ చెట్లది ఇంకో ఉపాయం. వాటి వేళ్లలో కొన్ని భూమిలోంచి పైకి మొలిచి, వాటి మీదున్న లెంటిసెల్స్‌తో గాలిని తీసుకుంటాయి. వాటినే శ్వాసమూలాలు అంటారు.

పడకగది గురించి నిశ్చింతగా ఉండండి. ఒక మనిషి రోజుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, కుండీలోని మొక్క రాత్రంతా వదిలేది దానితో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. పక్కన ఇంకో మనిషి నిద్రిస్తే లేని ప్రమాదం మొక్క వల్ల రాదు. కొన్ని ఎడారి మొక్కలు రాత్రి కూడా కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. పగటి ఎండలో రంధ్రాలు తెరిస్తే నీరంతా పోతుంది కనుక అవి రాత్రి తెరిచి, తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని దానితో చక్కెర చేసుకుంటాయి. అయితే అవి రాత్రి ఆక్సిజన్ వదులుతాయనే ప్రచారం తప్పు. వెలుతురు లేకుండా నీరు విడిపోదు.

జవాబు – పాఠశాల ప్రయోగశాలలో పనిచేసే వ్యక్తి

సిద్ధాంతం పై ఇద్దరూ చక్కగా చెప్పారు. ఇందులో రెండు విషయాలు మీరే చేసి చూడవచ్చు, ఉపాధ్యాయుల సమక్షంలో మాత్రమే చేయండి.

ఆకులో పిండిపదార్థం పరీక్షను ఒకే మొక్క మీద రెండు వేళల్లో చేయండి. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం ఒక ఆకు, మర్నాడు తెల్లవారకముందే ఇంకో ఆకు కోయండి. ఆకును మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి, తరవాత స్పిరిట్ ఉన్న పరీక్షనాళికలో ఉంచి, ఆ నాళికను వేడినీటి గిన్నెలో నిలబెట్టండి. స్పిరిట్‌ను నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు, అది అంటుకుంటుంది. కాసేపటికి పత్రహరితం కరిగి స్పిరిట్ పచ్చబడి, ఆకు తెల్లబోయి పెళుసుబారుతుంది. దాన్ని గోరువెచ్చని నీటిలో మెత్తబరిచి, పలుచని అయోడిన్ చుక్కలు వేస్తే సాయంత్రపు ఆకు ముదురు నీలంగా మారుతుంది, తెల్లవారుజామున కోసిన ఆకు చాలా మొక్కల్లో లేత రంగుతోనే ఉండిపోతుంది. రాత్రంతా ఆ పిండిపదార్థం చక్కెరగా మారి కొంత ఆకు శ్వాసక్రియకూ, కొంత చాలనీ నాళాల గుండా వేరుకూ చిగుళ్లకూ వెళ్లిపోయింది కాబట్టి తేడా వచ్చింది. ఈ ఒక్క పరీక్షలో మీ మూడు పాఠాలూ ఉన్నాయి.

శ్వాసక్రియను చూపించడానికి ఆకులను ఎంచుకుంటే వాటిని నల్లటి గుడ్డతో పూర్తిగా కప్పక తప్పదు, లేకపోతే వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆకే తిరిగి వాడేసుకుంటుంది. అందుకే మొలకెత్తుతున్న గింజలు మేలు, వాటిలో ఇంకా పచ్చదనం ఉండదు. ఒక సీసాలో మొలకలు వేసి, చిన్న గ్లాసులో సున్నపు తేట పెట్టి, మూత బిగిస్తే మర్నాటికి తేట పాలలా తెల్లబడుతుంది. పక్కనే ఉడికించి చల్లార్చిన గింజలతో ఇంకో సీసాను తప్పకుండా పెట్టండి, అప్పుడే మార్పు బతికున్న గింజల వల్లే వచ్చిందని తేలుతుంది. థర్మాస్ ఫ్లాస్కులో మొలకలు నింపి థర్మామీటరు గుచ్చి, నోటిని దూదితో మూసి ఉంచితే, శ్వాసక్రియలో వెలువడే వేడి కూడా కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉడికించిన గింజల మీద రెండో రోజుకే బూజు పడుతుంది, ఆ బూజు కూడా శ్వాసిస్తుంది, అది వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆ సీసాలోని తేటను కూడా తెల్లబరిచి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. అందువల్ల రెండు సీసాల్లోని గింజలనూ ముందే పలుచని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేసి, మంచినీటితో బాగా కడిగి వాడండి, ఒక్క రోజు దాటకుండా ఫలితం నమోదు చేసుకోండి.